పట్వారీని కరణంగా మార్చవచ్చా?

సందేహం: మా ఊరి చరిత్ర రాస్తున్నాను. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం. 1930, 40ల నాటి సంగతులు చెబుతూ పట్వారీ (ఊరి లెక్కలు రాసేవాడు), పహాణీ (పొలం, పంటల లెక్క), గుంట (భూమి కొలత), అవ్వల్ తాలూక్దారు (జిల్లా అధికారి) అని రాశాను. రాతప్రతి చూసిన మిత్రులొకరు ఇవన్నీ ఉర్దూ మాటలనీ, కరణం, అడంగల్, సెంటు, కలెక్టరు అని తెలుగులో రాయాలనీ దిద్దారు. ‘1947లో స్వాతంత్ర్యం రాగానే జాగీర్లు రద్దయ్యాయి’ అన్న వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచారు. ఏది సరైనది?

సమాధానం: పదాల విషయంలో మీరు రాసిందే సరైనది. ఆ దిద్దుబాట్లు వేటినీ ఒప్పుకోకండి. వారు దిద్దకుండా వదిలిన వాక్యాన్ని మాత్రం దిద్దాలి.

పట్వారీ, తాలూక్దారు ఉర్దూ పాలన ద్వారా మనకు అందినవే. పహాణీ మరాఠీ మాట. ఆ భాషలో ‘పాహణే’ అంటే చూడటం. పొలానికి వెళ్లి, పంట చూసి రాసుకునే లెక్క కాబట్టి పహాణీ అయింది. ఇక ‘తెలుగు’ అని మీ మిత్రులు సూచించిన వాటిలో అడంగల్ తమిళం. సెంటు, కలెక్టరు ఇంగ్లీషు. కరణం సంస్కృతం నుంచి వచ్చినా శతాబ్దాలుగా తెలుగులో కలిసిపోయిన మాట, నిజమే. కానీ ఆ ఒక్క మాట కోసం మిగతావాటికి తెలుగుతనం అంటగట్టలేం.

అసలు ఈ రెండు వరుసలు ఎందుకు ఏర్పడ్డాయో చూడండి. ఉత్తర సర్కారులు (కోస్తా జిల్లాలు) 1766లో, దత్తమండలాలు (రాయలసీమ, బళ్లారి ప్రాంతం) 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వెళ్లిపోయాయి. తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం దత్తమండలాలను వదులుకున్నాడు. ఆ జిల్లాలు మద్రాసు పాలనలో చేరి అక్కడి రెవెన్యూ భాషను అలవరచుకున్నాయి. నల్లగొండ, పాలమూరు నిజాం కిందనే ఉండిపోయాయి. 1853లో దివాను అయిన సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి మాన్పించాడు. 1865లో జిలాబందీ చేసి, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, జిల్లాకు అవ్వల్ తాలూక్దారును, తాలూకాకు తహసీల్దారును జీతాల మీద నియమించాడు. అప్పటిదాకా వసూళ్లు చేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు పరిహారంగా రుసుములు, అంటే ఏటా నగదు భత్యాలు, దక్కాయి. తర్వాత వారిలో చాలామంది వందల ఎకరాల దొరలయ్యారు. నల్లగొండ రైతు 1940లలో తిరగబడింది ఆ దొరతనం మీదనే.

భూమి కొలతలో మరో విశేషం ఉంది. నిజాం రాజ్యంలో సర్వే బొంబాయి రాష్ట్రపు పద్ధతిలో సాగింది. ఎకరానికి 40 గుంటలన్న లెక్క అక్కడిదే. మద్రాసు సర్వే ఎకరాన్ని 100 సెంట్లుగా విభజించింది. అంటే తెల్లదొర కచేరి లేని దేవరకొండకు కూడా ఇంగ్లీషు ఎకరం చేరింది. కాకపోతే మద్రాసు నుంచి కాదు, బొంబాయి దారిన వచ్చింది. గుంటంటే 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. కాబట్టి గుంటకు సెంటు పర్యాయపదం కాదు. మీ రాతప్రతిలో ఐదు గుంటల ఇనాం ఐదు సెంట్లయితే మూడు గుంటల భూమి కాగితం మీదనే మాయమవుతుంది.

పట్వారీ, కరణం ఇద్దరూ ఊరి లెక్కలు రాసినవారే. అయినా మార్చకూడదు. ఈ వైపు పట్వారీ పక్కన శిస్తు వసూలుకు మాలీపటేలు, శాంతిభద్రతలకు పోలీసుపటేలు అని ఇద్దరు వేర్వేరుగా ఉండేవారు. మద్రాసు వైపు ఆ రెండు పనులూ మునసబు చేతిలో ఉండేవి. కరణాన్ని తెస్తే వెనకనే మునసబునూ తేవాలి. అప్పుడు మీ ఊళ్లో అధికారం ఎవరెవరి చేతుల్లో ఉండేదో పాఠకుడికి తెలియకుండా పోతుంది. ఊరి చరిత్రలో అంతకంటే ముఖ్యమైన విషయం ఏముంటుంది?

తాలూక్దారు దగ్గర మాత్రం ఒక చిన్న వివరణ చేర్చండి. అవధ్‌లో (నేటి ఉత్తరప్రదేశ్‌లోని ప్రాంతం) తాలూక్దార్లంటే భూస్వాములు, మన దగ్గర సర్కారు ఉద్యోగులు. చదువుకున్నవారు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. కలెక్టరు అన్న హోదా నల్లగొండకు వచ్చింది 1948లో భారత సైన్యం నిజాం రాజ్యం మీద జరిపిన పోలీసు చర్య తర్వాత. అందుకే 1940 నాటి సంఘటనలో కలెక్టరును నిలబెట్టకండి. పట్వారీ మాటను మాత్రం 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా నిస్సంకోచంగా వాడవచ్చు. రాజ్యం మారినా ఊరి దఫ్తరం అన్నేళ్లూ ఆయన చేతిలోనే ఉంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూమి తగాదాల్లో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

ఇక మీ వాక్యం. 1947 ఆగస్టు 15న నల్లగొండ ఇండియన్ యూనియన్‌లో లేదు. హైదరాబాదు రాజ్యం లొంగినది 1948 సెప్టెంబరు 17న. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టులో వచ్చింది. పాత కాగితాల్లో అది ఫసలీ (రెవెన్యూ సంవత్సరాల లెక్క) 1358 నాటిదని కనిపిస్తుంది. ‘హైదరాబాదు యూనియన్‌లో కలిసిన మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి’ అని రాయండి.

శిస్తు మొత్తాలు ఇచ్చేచోట ‘రూపాయలు’ అని వదిలేయకుండా ‘హాలీ రూపాయలు’ అనండి. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. పాత రసీదుల్లో ఏ సిక్కా (నాణెం) అన్నది సాధారణంగా అంకె పక్కనే రాసి ఉంటుంది. ఆ మాటను కూడా ఎత్తి రాసుకోండి.