మిరపకు మందు కొట్టిన రాత్రి చెమటలు, వేడి: ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. నాన్న వయసు 54. మిరపలో నల్లికి మందు కొట్టిన రాత్రి ఒళ్లు కాలిపోతున్నట్టుందంటారు, చెమటలు పడతాయి, మరునాడు కాళ్లలో సత్తువ ఉండదు. పురుగుమందులు మైటోకాండ్రియాను (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలను) దెబ్బతీస్తాయని ప్రయోగశాలల్లో తేలిందని చదివాను. నాన్నకూ అదే జరుగుతోందా? పరీక్ష ఉందా? ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తున్నారు, చాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. నల్లికి కొట్టే ఫెన్‌పైరాక్సిమేట్, ఫెనాజాక్విన్ వంటివి పురుగు మైటోకాండ్రియాను ఆపడానికే తయారైన మందులు. క్లోర్‌ఫెనాపైర్ అనే మరో పురుగుమందు ఒంట్లో చేరాక మరో రూపం దాల్చి, తిన్న తిండి నుంచి వచ్చే శక్తిని ఏటీపీగా (కణాలు వాడుకునే ఇంధనంగా) మారనివ్వక వేడిగా పోయేలా చేస్తుంది. మన కణాల్లో ఉన్నదీ అదే యంత్రాంగం. ఎంత మందు ఒంట్లో చేరింది, శరీరం దాన్ని ఎంత త్వరగా వదిలించుకుంటుంది అన్నదాన్ని బట్టి హాని ఉంటుంది.

ప్రయోగశాలలో ఒక విశేషం చూస్తాం. గ్లూకోజ్ దండిగా ఉన్న ద్రావణంలో పెరిగే కణాలు మైటోకాండ్రియా మూలపడినా ఆ గ్లూకోజ్‌తోనే నెట్టుకొస్తాయి, విషప్రభావం పైకి కనిపించదు. గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్ ఇస్తే మైటోకాండ్రియా తప్ప గతి లేక, అదే మోతాదుకు చనిపోతాయి. మన గుండె, మెదడు కూడా మైటోకాండ్రియా మీదే ఆధారపడి నడుస్తాయి. గ్లూకోజ్ బాటిల్‌తో కాస్త ఓపిక వచ్చినట్టనిపించవచ్చు, విషం మాత్రం పోదు.

మైటోకాండ్రియా ఎంత దెబ్బతిన్నదో చెప్పే మామూలు రక్తపరీక్ష లేదు. పురుగుమందుల విషానికి చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి మందుల సంగతే చెబుతుంది. అది నార్మల్‌గా వచ్చిందని నల్లి మందులు, క్లోర్‌ఫెనాపైర్ విషయంలో నిశ్చింతగా ఉండకండి. ఎండదెబ్బ, షుగర్, గుండె జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఈసీజీ, షుగర్, కాలేయం, కిడ్నీ, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసేది) పరీక్షలు చేయించండి. అవి చూసి డాక్టరు సరేననేదాకా నాన్నగారు పంపు ఎత్తకూడదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది క్లోర్‌ఫెనాపైర్. ఒంట్లో ఎక్కువగా చేరినవారు మొదటి కొన్ని రోజులు మామూలుగానే ఉండి, ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, చెమటలు, మతి తప్పడంతో విషమించిన సందర్భాలున్నాయి. దీనికి విరుగుడు మందు లేదు. మందు కొట్టిన వారం పది రోజుల్లో జ్వరం వస్తే వైరల్ అనుకోకండి. 108కి ఫోన్ చేసి, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందు కొట్టారో ముందుగా మీరే చెప్పండి.

పేరు చెప్పాలంటే డబ్బా ఉండాలి. రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపి, ఖాళీ డబ్బాలు గట్టు మీద పడేస్తారు. టెక్నికల్ పేరే (లోపలున్న అసలు మందు పేరు) లేని 'బయో' సీసాలైతే డాక్టరుకూ ఏమీ అంతుపట్టదు, వాటిని కొననే వద్దు. ప్రతి లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి పెట్టండి. పంపు కారి వీపు తడిసినా, చెట్లకు రాసుకుని చేతులు, తొడలు తడిసినా మందు చర్మం గుండా ఎక్కుతుంది. తడిసిన చొక్కాతోనే సాయంత్రందాకా ఉండకుండా వెంటనే విప్పేసి, సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి, ఉతికేవారు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

- జనరల్ ఫిజీషియన్, హన్మకొండ