జీవిత భాగస్వామి వీసాకు వైద్య పరీక్ష: పాత క్షయను డాక్టరుకు చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 27. మా వారు అమెరికా పౌరులు, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన నా కోసం వేసిన ఐ-130 (కుటుంబ సభ్యుల వలస కోసం పెట్టే) దరఖాస్తు ఆమోదం పొందింది, ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ కూడా వచ్చింది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, 2014లో, నాకు ఊపిరితిత్తుల క్షయ వచ్చింది. మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరు నెలలు మందులు వాడాక పూర్తిగా తగ్గిపోయింది. ఈ సంగతి మా వారికి పెళ్ళికి ముందే చెప్పాను కానీ అత్తమామలకు తెలియదు. వీసా డాక్టరు అడిగితే ఎప్పుడూ ఏ జబ్బూ రాలేదని చెప్పమని మా అమ్మ పట్టుబడుతోంది. చెబితే వీసా రాకుండా పోతుందా? చెప్పకపోతే ఎక్స్‌రేలో బయటపడుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చెప్పండి అమ్మా. డాక్టరు అడిగేదాకా కూడా ఆగకుండా, చికిత్స కాగితాలు చేతిలో పెట్టి మీరే ముందుగా చెప్పండి. మీ అమ్మగారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆడపిల్లకు క్షయ వచ్చిందంటే సంబంధాలు తప్పిపోతాయన్న దిగులుతో ఆ మాటను గడప దాటనివ్వని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. అయితే ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనివే కాబట్టి, ఇక్కడి దరఖాస్తుదారులను పరీక్షించే డాక్టర్లకు నయమైన క్షయ వింతా కాదు, అనుమానించవలసిన విషయమూ కాదు.

ముందుగా ఈ పరీక్ష ఏమిటో తెలుసుకుంటే మీ భయం సగం తగ్గుతుంది. ఇది మీ ఆరోగ్యానికి మార్కులు వేసే పరీక్ష కాదు. అమెరికా వలస చట్టం కొన్ని విషయాలను మాత్రమే వెతకమంటుంది: ఇతరులకు సోకే దశలో ఉన్న క్షయ, సిఫిలిస్, గనేరియా, కుష్ఠు వంటి వ్యాధులు, వయసును బట్టి వేయించుకోవలసిన టీకాలు, తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తనతో ముడిపడిన మానసిక, శారీరక సమస్యలు, మాదకద్రవ్యాల వాడకం. హెచ్ఐవీని 2010 జనవరి 4 నుంచి ఈ జాబితాలో నుంచి తీసేశారు. గతంలో క్షయ వచ్చి నయమైందన్న కారణంతో వీసాను ఆపరు. ఇప్పుడు చురుకుగా ఉన్న క్షయ మాత్రమే ప్రయాణాన్ని ఆపుతుంది, అది కూడా చికిత్స పూర్తయ్యేవరకే.

ఎక్స్‌రేలో తెలుస్తుందా అన్నారు. తెలిసే అవకాశం చాలా ఎక్కువ. క్షయ తగ్గిన చోట, ముఖ్యంగా ఊపిరితిత్తుల పైభాగంలో, మచ్చ మిగిలిపోవడం సాధారణం. 15 ఏళ్ళు దాటిన ప్రతి దరఖాస్తుదారుకూ ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. మీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించి, మీరేమో ఏ జబ్బూ రాలేదని సంతకం చేసి ఉంటే, డాక్టరు ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి: ఈ మచ్చ ఎప్పటిది, ఈమె ఎందుకు దాచింది? మొదటి ప్రశ్నకు ల్యాబులో సమాధానం దొరుకుతుంది. రెండోది మిమ్మల్ని చాలాకాలం వెంటాడుతుంది, ఎందుకంటే ముఖ్యమైన విషయాన్ని తెలిసి తప్పుగా చెప్పి వీసా పొందాలని చూడడం అమెరికా చట్టం ప్రకారం జీవితాంతం ప్రవేశాన్ని నిరాకరించగల తప్పు. దాన్నుంచి బయటపడడానికి మినహాయింపు కోసం మళ్ళీ ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. నయమైన జబ్బు కోసం అంత ప్రమాదాన్ని తలకెత్తుకోవద్దు.

నిజం చెబితే జరిగేది ఇది. ఎక్స్‌రేలో క్షయను సూచించే మచ్చ ఉంటే, అది పాతదే అయినా, మూడు తెమడ నమూనాలు ఇవ్వమంటారు. ఒక్కో నమూనాకూ మధ్య కనీసం 24 గంటల వ్యవధి ఉండాలి కాబట్టి వరుసగా మూడు ఉదయాలు వెళ్ళవలసి వస్తుంది. నీళ్ళతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతుల్లోంచి దగ్గి తీసిన తెమడే ఇవ్వాలి. నోట్లో ఊరిన లాలాజలం పనికిరాదు. సిబ్బందిలో ఒకరు దగ్గరుండి చూస్తారు, అది పద్ధతి ప్రకారం జరిగేదే కాబట్టి ఇబ్బంది పడకండి. ఆ నమూనాలను మైక్రోస్కోపు కింద చూడడంతో సరిపెట్టరు, కల్చర్‌కు, అంటే క్రిమి పెరుగుతుందేమో చూడడానికి ల్యాబులో ఉంచే పరీక్షకు, కూడా పెడతారు. క్షయ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక క్రిమి లేదని తేల్చడానికి ఎనిమిది వారాల వరకూ పట్టవచ్చు. ఈ లెక్కన ఇంటర్వ్యూకు వారం ముందు వైద్య పరీక్షకు వెళ్తే మీకు సమయం చాలదు. ఇంటర్వ్యూ లేఖ చేతికి అందగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి, కల్చర్ ఫలితం వచ్చేదాకా విమానం టికెట్ కొనకండి.

మూడు నమూనాల్లోనూ క్రిమి లేకపోతే మీ నివేదికలో బీ1 అనే వర్గీకరణ రాస్తారు, అంటే ఎక్స్‌రేలో క్షయ ఆనవాళ్ళున్నా సోకే దశలో లేదని అర్థం. అది చూసి కంగారు పడేవాళ్ళను చాలామందిని చూశాను. వీసాకు అది అడ్డు కాదు. మామూలు వైద్య నివేదికకు ఆరు నెలల గడువు ఉంటే, బీ1 వచ్చినవారికి మూడు నెలలే ఉంటుంది. వీసా గడువు కూడా దానితోనే ముగుస్తుంది కాబట్టి చేతికి రాగానే బయలుదేరాలి. అమెరికా చేరాక అక్కడి స్థానిక ఆరోగ్య శాఖ మిమ్మల్ని ఒకసారి పరీక్షకు పిలుస్తుంది. ఎక్స్‌రే సీడీ ఇస్తే దాన్ని సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఒకవేళ నమూనాలో క్రిమి కనబడితే, నిర్దేశించిన చోట, సిబ్బంది కళ్ళెదుట మందులు మింగుతూ పూర్తి చికిత్స తీసుకున్న తర్వాత మళ్ళీ వీసా ప్రక్రియ కొనసాగుతుంది.

ఇక కాగితాల సంగతి. 2014లో ప్రభుత్వ కార్యక్రమం కింద వారానికి మూడు రోజుల చొప్పున మందులిచ్చేవారు, ఒక్కో రోగి పేరుతో ఒక్కో మందుల పెట్టె ఉండేది. మీ చికిత్స కార్డులో మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, తెమడ పరీక్ష ఫలితాలు ఉంటాయి. వీసా డాక్టరుకు కావలసింది సరిగ్గా అవే. కార్డు పోతే, మీకు మందులిచ్చిన ఆరోగ్య కేంద్రం పరిధిలోని టీబీ యూనిట్‌లో గాని జిల్లా క్షయ నియంత్రణ అధికారి కార్యాలయంలో గాని అడగండి. పాత రిజిస్టరులో మీ పేరు దొరికితే దాని ఆధారంగా ధ్రువపత్రం రాసి ఇవ్వమని కోరండి. అప్పటి ఎక్స్‌రే ఫిల్ము ఇంట్లో ఏ బీరువా అడుగునైనా ఉందేమో వెతకండి. మచ్చ అప్పటి నుంచీ మారకుండా ఉందని చూపడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఎక్స్‌రే రోజున రెండు జాగ్రత్తలు చెబుతాను, ఎందుకంటే ఇవి మన ఆడవాళ్ళకే ఎక్కువగా ఎదురవుతాయి. పొడవాటి జడ వీపు మీదుగా పడి ఉంటే ఫిల్ము మీద ఊపిరితిత్తుల పైభాగంలో నీడలా కనిపించవచ్చు. క్షయ మచ్చలు కూడా సరిగ్గా ఆ చోటే ఉంటాయి కనుక లేని అనుమానం పుడుతుంది. జడను మడిచి నడినెత్తి మీద ముడి వేసుకోండి. గొలుసులూ పుస్తెలూ తీయమంటారు, లోహం ఉన్నచోట కింద ఏముందో కనబడదు. పుస్తెలు తీయడానికి మనసు ఒప్పకపోతే, ఆ కాసేపటికి మెడలో లోహం లేని పసుపుతాడు ఉంచుకోవచ్చా అని అక్కడి టెక్నీషియన్‌ను అడగండి.

అత్తమామల విషయం చివరికి ఉంచాను. మీ వైద్య నివేదిక కాన్సులేట్‌కూ అమెరికా ఆరోగ్య అధికారులకూ వెళ్తుంది గాని మీ అత్తగారింటికి వెళ్ళదు. గదిలోకి మీతోపాటు బంధువులెవరూ రానక్కరలేదు, ఒంటరిగా మాట్లాడాలని మీరు అడగవచ్చు. పెళ్ళికి ముందే మీ భర్తతో నిజం చెప్పారు, ఆయన మీ పక్షాన ఉన్నారు. పెద్దవాళ్ళకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీ ఇద్దరి నిర్ణయం. డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి.

ప్రశ్న: నాకు ఐదో నెల. మా వారు 2012లో అమెరికా వెళ్ళి, అక్కడే ఉంటూ పౌరసత్వం తీసుకున్నారు. వైద్య పరీక్షకు పిలుపు వచ్చింది. ఎక్స్‌రే తీస్తే బిడ్డకు ప్రమాదమని మా అత్తగారు, వాయిదా వేస్తే కాన్పు ఇక్కడే అవుతుందని మా వారు కంగారు పడుతున్నారు. టీకాలు కూడా వేస్తారట కదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ ముందు రెండు దారులున్నాయి, ఎంచుకోవలసింది మీరే. పొట్టకు సీసపు కవచం కట్టి, మీ రాతపూర్వక అంగీకారంతో ఎక్స్‌రే తీయవచ్చు. లేదా కాన్పయ్యేదాకా వాయిదా వేసుకోవచ్చు, అప్పటిదాకా వీసా కూడా ఆగుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రే వల్ల కడుపులోని బిడ్డకు చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) కంటే ఎక్కువ ఉండదు. తొమ్మిది నెలల్లో నేల నుంచి, ఆకాశం నుంచి సహజంగా బిడ్డకు చేరేదే సుమారు 1 మిల్లీగ్రే. అంటే దానిలో నూరో వంతు కూడా మించదు. వైద్యుడిగా నేనైతే కవచంతో ఎక్స్‌రే తీయించుకోమనే చెబుతాను. అయినా మీ మనసు ఒప్పకపోతే వాయిదా వేసుకోవడంలో తప్పేమీ లేదు, గర్భం కారణంగా వీసాను తిరస్కరించరు. ముందుగా మీ ప్రసూతి వైద్యురాలితో మాట్లాడండి.

తట్టు, గవదలు, రుబెల్లాకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకానూ, ఆటలమ్మ టీకానూ గర్భిణులకు వేయరు. అవి బతికున్న వైరస్‌తో చేసినవి. గర్భం ఉందని డాక్టరు రాస్తే వాటికి మినహాయింపు దానంతట అదే వస్తుంది, వేరే దరఖాస్తు గాని రుసుము గాని అక్కరలేదు. ధనుర్వాతం, కోరింత దగ్గుకు వేసే టీడాప్‌ను 27 నుంచి 36 వారాల మధ్య గర్భిణులకు మామూలుగానే సిఫారసు చేస్తారు. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, అది నమ్మదగినదని ఆయన నమోదు చేస్తే ఆ టీకా తర్వాత కూడా అక్కరలేదు.

ప్రయాణం గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. 28 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు డాక్టరు లేఖ అడుగుతాయి, 36 వారాల తర్వాత సాధారణంగా ఎక్కించుకోవు. కాన్పు ఇక్కడే అయినా బిడ్డ విషయంలో మీ వారు కంగారు పడనక్కరలేదు. పౌరుడైన తండ్రి బిడ్డ పుట్టకముందు మొత్తం ఐదేళ్ళు, అందులో కనీసం రెండేళ్ళు తనకు 14 ఏళ్ళు నిండాక, అమెరికాలో నివసించి ఉంటే, కాన్సులేట్ ద్వారా బిడ్డకు పౌరసత్వ పత్రం తీసుకోవచ్చు. 2012 నుంచి అక్కడే ఉన్నారు కనుక ఆ షరతు తీరుతుంది. ఆ నివాసానికి రుజువులుగా పన్ను పత్రాలు, ఉద్యోగ పత్రాలు ఇప్పటి నుంచే పోగు చేయమనండి.

ప్రశ్న: నా భార్య అమెరికా పౌరురాలు. నా వయసు 38. బీపీకి, డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నాను. హైదరాబాద్‌లో 2023లో ఒక డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో జరిమానా కట్టాను. వీటిలో దేనివల్ల ఇబ్బంది వస్తుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు మామూలు జరిమానాగా భావిస్తున్న ఆ కేసునే అధికారులు అన్నిటికంటే జాగ్రత్తగా చూస్తారు. గత ఐదేళ్ళలో తాగి వాహనం నడిపిన కేసు ఒక్కటి ఉన్నా, పదేళ్ళలో రెండు ఉన్నా, మద్యపాన సమస్య ఉందేమో వైద్యుడు ప్రత్యేకంగా పరిశీలించాలన్నది వారి నియమం. కోర్టు ఉత్తర్వు నకలు, జరిమానా రసీదు దగ్గర పెట్టుకుని, ఇంటర్వ్యూకు ముందే, వైద్య పరీక్షలోనే ఆ విషయం చెప్పండి. అప్పుడు చెప్పకపోతే కాన్సులర్ అధికారి మిమ్మల్ని తిరిగి అదే డాక్టరు దగ్గరికి పంపుతారు, వారాలు వృథా అవుతాయి. ఇప్పుడు తాగుతున్నారా, ఎంత తాగుతున్నారు అన్న ప్రశ్నలకు ఉన్నదున్నట్టు సమాధానం ఇవ్వండి.

డిప్రెషన్‌కు మాత్రలు వాడడం వీసాకు అడ్డు కాదు. మీకు వైద్యం చేస్తున్న సైకియాట్రిస్టు దగ్గర జబ్బు పేరు, మందులు, మోతాదు, ఎంతకాలంగా నిలకడగా ఉన్నారు అన్న వివరాలతో లేఖ తీసుకోండి. పరీక్ష దగ్గర పడుతోందని మాత్రలు ఆపేసేవారు ఉన్నారు, ఆ పని ఎంతమాత్రం చేయకండి. బీపీ కూడా మందులతో అదుపులో ఉంటే వైద్యపరంగా అడ్డంకి కాదు. అయితే వలసదారు ప్రభుత్వ సహాయం మీద ఆధారపడతారా అని అధికారి అంచనా వేసేటప్పుడు వయసు, చదువు, ఆస్తులతోపాటు ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో ఉంది. కనుక మీ భార్య ఇచ్చే ఐ-864 ఆర్థిక హామీ పత్రం, దానికి జతపరచే ఆదాయ రుజువులు గట్టిగా ఉండేలా చూసుకోండి. అక్కడికి వెళ్ళాక మీ మందుల ఖర్చుకు ఆమె ఉద్యోగపు ఆరోగ్య బీమా వర్తిస్తుందేమో ముందే కనుక్కుని ఆ కాగితం కూడా ఇంటర్వ్యూకు తీసుకెళ్ళండి.