బొమ్మల డబ్బాలకు కార్డు గీకుడు తర్వాత తమ్మీ, ముందు ఆపతికి పైసలేవి?

పాలమూరు నుంచి ఒక తమ్ముడు రాసిండు. 31 ఏండ్లు, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీల నౌకరి, చేతికి 34 వేలు వస్తయ్, అందుల 4 వేలు నైట్ షిఫ్ట్ పైసలు. పెండ్లైంది, నాలుగేండ్ల పాప ఉంది, అమ్మ నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్ల ఉంటది, ఆమెకు షుగర్, బీపీ. ఇంటి కిరాయి 7,500, బండి కిస్తీ 3,200, ఉప్పు పప్పు పాలు కరెంటు అన్నీ కలిపి నెలకు 26 వేలు లేస్తయ్, ఇంకో 5 వేలు చిట్టీకి. బ్యాంకుల ఉన్నది మొత్తం 18 వేలు.

ఆయన అడిగింది ఇది: "అన్నా, కలెక్టిబుల్ మినియేచర్ గేమ్స్ రెండు కొత్తవి రాబోతున్నయ్. హైదరాబాద్‌ల దోస్తు దగ్గర శాంపిల్ బొమ్మలు చూసిన, ఫస్ట్ లుక్‌కే పిచ్చెక్కింది, పెయింటింగ్ సూపర్, రూల్స్ పది నిమిషాల్ల అర్థమైతయ్, గ్యారెంటీ హిట్. రెండు కేసులు ప్రీ ఆర్డర్ పెడితే షిప్పింగ్‌తో 1,20,000 అయితది. ఒక కేసు విప్పి రేర్ బొమ్మలు అమ్ముకుంట, ఇంకోటి సీల్ తియ్యకుండ మూడేండ్లు దాస్త, డబుల్ అయితది. 80 వేలు క్రెడిట్ కార్డు మీద, 40 వేలు లోన్ యాప్‌ల తీసుకుంట, బొమ్మలు అమ్ముడుపోయేదాక కార్డుకు మినిమమ్ డ్యూ కడుత. ఓకేనా?"

ఓకే కాదు తమ్మీ. (తెల్వనోళ్లకు ఒక ముక్క: ఇవి చిన్న చిన్న బొమ్మలతోని ఆడే ఆటలు, డబ్బాల ఏ బొమ్మ ఉన్నదో విప్పేదాక తెల్వది, కేసు అంటే ఇసొంటి డబ్బాలు నిండిన పెద్ద పెట్టె.) ఒక్క ముక్కల చెప్పి ఊకుందుమంటే ఇసొంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడు వస్తున్నయ్, ఒకరు షూస్ అంటరు, ఒకరు పోకెమాన్ కార్డులంటరు, నల్లగొండ నుంచి ఒకాయన పాత నోట్లన్నడు, అందరిదీ ఒకటే కత, నచ్చిన వస్తువును చూసి లాభం కనవడ్డదంటరు, చేతిల పైస ఉండది, అప్పు తెస్తమంటరు. అందుకే నీకొక్కనికి కాకుండ అందరికీ కలిపి రాస్తున్న.

నువ్వు పంపిన ఫోటోలు నేను గూడ పెద్దగ చేసి చూసిన, అబద్ధమెందుకు, బాగున్నయ్. బొటనవేలంత బొమ్మకు కనుబొమ్మలు గూడ దిద్దిన్రు, ఆ మంత్రగాని అంగీ మడతలల్ల నీడ పడ్డట్టు రంగేసిన్రు. నా బిడ్డ చూసి నాకొకటి కావాలన్నది. బొమ్మ బాగుండుడు ఒక ముచ్చట, ఆ గేమ్ మూడేండ్లు బతుకుడు ఇంకో ముచ్చట, దాన్ని నీ దగ్గర ఎవరన్న డబుల్ ధరకు కొనుడు మూడో ముచ్చట, నువ్వు మొదటిది చూసి మిగతా రెండు గూడ చూసిన అనుకుంటున్నవ్.

ఈ లైన్ల పాత లెక్కలు నీకు నాకన్నా ఎక్కువే తెలిసుండాలె. 2000ల విజ్‌కిడ్స్ అనే కంపెనీ వాళ్లు మేజ్ నైట్ అనే గేమ్ తెచ్చిన్రు, బొమ్మ కింద గుండ్రటి బిళ్ల, దెబ్బ తగిలినప్పుడల్ల ఒక టిక్కు తిప్పుతే బలం నంబర్లు మారుకుంట పోతయ్, కాగితం పెన్సిల్ అక్కర్లేదు, మస్తు ఐడియా. అదే బిళ్ల మీద 2002ల హీరోక్లిక్స్ అనే గేమ్ వచ్చింది. 2003ల ఆ విజ్‌కిడ్స్‌ను టాప్స్ అనే కంపెనీ కొన్నది, 2008 నవంబర్‌ల మూసేసింది, 2009ల నెకా అనే ఇంకో కంపెనీ తీసుకున్నది గనక హీరోక్లిక్స్ బతికింది. అటు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఇంకో కంపెనీ వాళ్ల గేమ్‌లు చూడు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ మినియేచర్స్ 2003ల మొదలైంది 2011ల ఆగింది, స్టార్ వార్స్ మినియేచర్స్ 2004ల వచ్చి 2010ల ఆగింది, డ్రీమ్‌బ్లేడ్ అయితే 2006ల వచ్చి రెండేండ్లు నిండకముందే కొత్త సెట్లు బంద్. ఇవేవీ చిన్న కంపెనీలు కావు, అన్నిటికీ ఫస్ట్ లుక్ అదిరిపోయిందే. ఆ పాత వాటిల్ల కొన్ని బొమ్మలకు ఇప్పుడు మంచి ధర పలుకుతది, నిజమే, కానీ ఏ బొమ్మకు పలుకుతదో డబ్బా సీల్ మీద ఉన్న రోజు ఎవనికీ తెల్వది, నీకూ తెల్వది.

ఇంకోటి, గేమ్ బతికున్నా పాత బొమ్మల గిరాకీ అట్లనే ఉండది. హీరోక్లిక్స్‌ల మోడర్న్ (కొత్త సెట్ల బొమ్మలతోనే ఆడాలె), గోల్డెన్ (పాతవి గూడ నడుస్తయ్) అని ఆడే లెక్కలున్నయ్ కద, కొత్త సెట్లు వచ్చేకొద్దీ పాత సెట్లు మోడర్న్ నుంచి అవతల పడతయ్, మోడర్న్ ఆడేటోనికి ఇగ ఆ బొమ్మతోని పని లేదు. నువ్వు మూడేండ్లు దాస్తనంటున్నవ్, నీ కొత్త గేమ్‌ల గూడ గిదే రూల్ పెడ్తే సీల్ తీసే నాటికి దాని పనే అయిపోతది.

మా మేనమామ యాది కొస్తుండు. దేవరకొండ దిక్కు, ఈమూ పక్షుల మోజు నడుస్తున్నప్పుడు జోడీ కొన్నడు, అప్పు తెచ్చి. ఒక్క గుడ్డుకు ఇంత, పిల్లకు ఇంత అని లెక్క రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ ఉన్నది. కొనేటోళ్లెవరు? ఈమూలు పెంచుదామని కొత్తగ దిగేటోళ్లే. మాంసం తినేటోడు లేడు, నూనె పూసుకునేటోడు లేడు. కొత్తోళ్లు దిగుడు ఆగంగనే పక్షులు దాణా తినుకుంట కూసున్నయ్, కంచె తన్నుకుంట. చివరికి మిగిలింది షోకేస్‌ల ఒక గుడ్డు, నల్లటి ఆకుపచ్చ రంగు, పెద్ద మామిడికాయంత, చుట్టాలొస్తే పిల్లలు దాన్నే చూస్తరు. అప్పు తీరేసరికి ఆరేండ్లు పట్టింది. నీ సీల్ కేసు ఎవరు కొంటరు తమ్మీ? ఇంకో సీల్ కేసు దాసుకునేటోడే కద. పాలమూరుల న్యూటౌన్‌ల నిలవడి అడుగు, ఈ గేమ్ ఆడేటోళ్లు ఎంతమంది దొరుకుతరో.

సరే, ఇప్పుడు మిత్తి ముచ్చట, నాకు బీపీ లేసేది ఇక్కడ్నే. ఊర్ల నూటికి రెండు రూపాయల మిత్తికి ఇచ్చేటాయనను మనం రక్తం తాగుతడంటం. కార్డు మీద బాకీ వదిలేస్తే నెలకు మూడున్నర శాతం, అంటే నూటికి మూడున్నర, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువే. 80 వేలకు నెల మిత్తి 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504, మొత్తం 3,304. నీ బండి కిస్తీకన్నా ఎక్కువ. ఇప్పుడు నీ లెక్కే తీయి, 34 వేలల్ల 26 వేలు ఇల్లు, 5 వేలు చిట్టీ, చేతిల మిగిలేది 3,000. మిత్తికే 304 తక్కువ పడుతుంది, అసలు సంగతి తర్వాత. మినిమమ్ డ్యూ, అంటే బిల్లుల కనీసం ఇంత కట్టు అని రాసే చిన్న ముక్క, అది కడితే చాలు అని ఎవడు చెప్పిండో గానీ ఆ మాట మొదలు మర్చిపో, బాకీ మోసేకాడ నువ్వు కొత్తగ పాలప్యాకెట్ గీకినా దాని మీద గూడ ఆ రోజు నుంచే మిత్తి పడతది. ఇగ ఆ యాప్ ముచ్చట, నువ్వే రాసినవ్, 40 వేలకు సంతకం పెడితే ఫీజులు పోను చేతికొచ్చేది 36,800 అని. కిస్తీలు మాత్రం 40 వేల మీద. రాని పైసలకు మిత్తి కట్టుడు నేనెక్కడా చూడలే.

అది గూడ డబ్బా చేతికొచ్చిన తర్వాత ముచ్చట కాదు, ప్రీ ఆర్డర్ ఆయె, పైసలు ఇయ్యాల పోతయ్, డబ్బా ఎన్నడొస్తదో వాళ్ల ఇష్టం, మిత్తి ఇయ్యాల్టి నుంచే. పైంగ నీ 1,20,000ల కస్టమ్స్, అంటే బయటి దేశం సామాను మీద పడే పన్ను, లేదు. బొమ్మల కింద లెక్కగడితే బేసిక్ డ్యూటీ 2020ల 20 నుంచి 60 శాతానికి పెంచిన్రు, 2023ల 70 చేసిన్రు. అమ్ముడు కోసం తెప్పిస్తే ఐఈసీ అనే దిగుమతి నంబర్ కావాలె, నీ దగ్గర లేదు. దోస్తు బ్యాగుల ఏసుకొస్తడు అని రాసినవ్ చూడు, ఆ లైను నేను చదవలేదనుకో.

ఇదంతా పక్కన పెట్టు, అసలు నేను ఈ జవాబు రాసేటందుకు కారణం నీ ఉత్తరంల అడుగున ఉన్న ఒక లైను. "పోయిన జులైల అమ్మకు డెంగీ వస్తే నూటికి మూడు లెక్కన 26 వేలు తెచ్చిన, మొన్ననే తీరింది." నువ్వు దాన్ని ఉత్తగ రాసినవ్, నేను అక్కడ్నే ఆగిపోయిన. 26 వేలంటే నీ ఒక్క నెల ఇంటి ఖర్చు. ఒక్క నెల ఖర్చు చేతిల లేక నూటికి మూడుకు పోయిన మనిషివి, ఏడాది తిరగకముందే లక్షా ఇరవై వేలు అప్పు చేసి బొమ్మలు కొంటనంటున్నవ్. మరదలుకు చెప్పినవా ఈ ప్లాను?

ఆపతికి సాపతికి అంటరు మనోళ్లు, గదే ఎమర్జెన్సీ ఫండ్, నేను ప్రతి జవాబుల ఇదే పాట పాడుతనని కొందరు నవ్వుతున్నరు, నవ్వనియ్యి. నీకు ఆరు నెలల ఖర్చు, 26 వేల లెక్కన 1,56,000 పక్కకు ఉండాలె. నీ జీతంల 4 వేలు నైట్ షిఫ్ట్‌వి, రేపు షిఫ్ట్ మార్చిన్రంటే నీ 3,000 మిగులు మాయమై ఎదురు వెయ్యి తక్కువ పడతది, కంపెనీ మూసే అవసరం గూడ లేదు. కంపెనీ ఇచ్చిన 2 లక్షల హెల్త్ కవర్‌ల నువ్వు, మరదలు, పాప ఉన్నరు, అమ్మ లేదు. అమ్మకు రేషన్ కార్డు ఉన్నదన్నవ్, ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌ల 5 నుంచి 10 లక్షలు చేసిన్రు, మంచిదే, ఆ కార్డు జాగ్రత్తగ పెట్టుకో. కానీ ఊరి నుంచి కారు కిరాయి, దవాఖాన కాడ ఇద్దరి తిండి, బయట రాసే గోళీలు, నువ్వు డ్యూటీకి పోని రోజుల జీతం, ఇవి ఏ కార్డుల రావు. పోయిన జులైల 26 వేలల్ల దవాఖాన బిల్లు ఎంత, పై ఖర్చు ఎంత, ఒకసారి మరదలును అడిగి రాసుకో, నీకే అర్థమైతది.

ఇది కష్టమేం కాదు, లెక్క చెప్తున్న. నీ లక్ష రూపాయల చిట్టీ 20 నెలలది, 9 నెలలు మిగిలినయ్. ఆఖరిదాక ఆగు, ముందు పాట పాడి ఎత్తకు, బొమ్మల కోసమైతే అసలే ఎత్తకు. (ఆ చిట్టీ రిజిస్టర్డేనా, బాజు ఇంటి ఆంటీ దగ్గరనా? ఆంటీ దగ్గరైతే నాకు మళ్ల రాయి, అది వేరే తలనొప్పి.) నెలకు మిగిలే 3,000 ఆర్డీల (బ్యాంకుల నెలనెల కట్టే జమ) పెట్టు. తొమ్మిది నెలలకు 27 వేలు, ఇప్పుడున్న 18 వేలు, చిట్టీ లక్ష, మొత్తం 1,45,000. అప్పటికెళ్లి చిట్టీ 5 వేలు గూడ మిగులుతయ్ గనక నెలకు 8,000, ఇంకో రెండు నెలలల్ల 1,61,000. అంటే పదకొండు నెలలు. మూడేండ్లు ఒక డబ్బా సీల్ తియ్యకుండ ఉండగలుగుతా అన్న మనిషివి పదకొండు నెలలు ఉండలేవా? ఈ పైసలు సగం సేవింగ్స్‌ల, సగం ఎఫ్‌డీల, ఫోన్ యాప్‌ల ఎదురుంగ కనవడని అకౌంట్‌ల పెట్టు.

టర్మ్ ఇన్సూరెన్స్ ఈ నెలే తీసుకో, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ గూడ లేదు, కారణాలు చెప్పకు. సిప్, పీపీఎఫ్, బంగారం ఇవన్ని పన్నెండో నెల ముచ్చట. క్రెడిట్ కార్డు పూర బిల్లు కట్టేటట్టయితేనే జేబుల పెట్టుకో, లేకుంటే బీరువాల మరదలు చీరల కింద పెట్టు.

ఇగ నీ గేమ్. ఆడొద్దంటలేను, నేనేం రాయిని కాదు. రిలీజ్ కానీ, మూడు నెలలు పోనీ, అప్పటికి డబ్బాలు విప్పినోళ్లు విడి బొమ్మలు అమ్ముతుంటరు, నీకు ఏ మంత్రగాడు కావాల్నో వాన్ని ఒక్కన్ని విడిగ కొనుక్కో, చీకట్ల చెయ్యి పెట్టినట్టు డబ్బాలు కొనే అవసరం లేదు. ఏడాదికి 3,000 నీ ఓటీ పైసలల్లకెళ్లి పక్కకు పెట్టు, దోస్తుతోని ఆడుకో. అవి ఖర్చు, సినిమాకు పోయినట్టు, పెట్టుబడి కింద రాసుకోకు.

ఆ పాత బొమ్మ ఫోటో ఒకటి పంపినవ్ కద, కత్తి కొడవలి లెక్క వంగిపోయిందని. రేకుల ఇంట్ల సజ్జ మీద పెట్టినవ్, మన మే నెల ఎండకు మెత్తటి ప్లాస్టిక్ వంగకుండ ఉంటదా, ఇంకో కేసు తెచ్చి అదే సజ్జ మీద మూడేండ్లు దాస్తనన్నవ్ చూడు. వేడి నీళ్లల్ల ముంచు, మెత్తగైనంక వేళ్లతోని సాపు చేసి అట్లనే పట్టుకోని చల్లటి నీళ్లల్ల పెట్టు, నిలవడతది.