భోజనం ఎలాగూ ఉచితమే అయినా ఆ ఫారం నింపండి
మీ పాప ఇయర్ 1లో ఉంది, మధ్యాహ్నం భోజనం ఉచితంగానే పెడుతున్నారు, మరి స్కూలువాళ్లు మళ్లీ ఉచిత భోజనం ఫారం ఎందుకిచ్చారని అడిగారు కదండీ. ఇంగ్లండ్‌లో ఇయర్ 2 దాకా పిల్లలందరికీ పెట్టే భోజనం వేరు, తక్కువ ఆదాయాన్ని బట్టి వచ్చే అర్హత వేరు. ఈ రెండోదాంట్లో పేరు నమోదైతేనే స్కూలుకు ‘ప్యూపిల్ ప్రీమియం’ అనే ప్రభుత్వ అదనపు నిధి వస్తుంది. 2025-26లో ఒక్కో ప్రైమరీ విద్యార్థికి అది 1,515 పౌండ్లు. తర్వాత మీ ఆదాయం పెరిగినా, ఒకసారి నమోదైన పేరు ఆరేళ్లు లెక్కలో ఉంటుంది. అందుకే ఇప్పుడే నింపేయండి.

ఆ డబ్బు మీ చేతికి రాదు, పాప ఒక్కదాని మీదే ఖర్చుపెట్టాలనీ లేదు. టీచర్ల శిక్షణ, చదవడంలో వెనకబడ్డవాళ్లకు విడిగా పాఠాలు, బ్రేక్‌ఫస్ట్ క్లబ్, ట్రిప్పుల ఖర్చు... ఏది అవసరమో స్కూలే చూసుకుంటుంది. నన్నడిగితే పక్కన కూర్చుని చదివించే మనిషి మీద పెట్టిందే అన్నిటికన్నా సార్థకం. ఏటా డిసెంబరు 31లోగా ఈ ఖర్చు ప్రణాళికను స్కూలు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది చదువుకుని వెళ్లి, మా పాపకు ఇందులో ఏం అందుతోందని టీచర్‌ని అడగండి. మొహమాటం వద్దండీ.