పాత బండి – మీ ప్రశ్నలు: పద్మినికి డబుల్ బ్యారెల్ కార్బురేటర్ వేయించాలా?

ప్రశ్న: నమస్తే అన్నగారూ. మా నాన్నగారు కొన్న 1986 ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నేను నడుపుతున్నాను. పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది. మలక్‌పేటలో బయల్దేరి కోఠి దాటేసరికి ఇంజిన్ వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. మళ్లీ స్టార్ట్ కావాలంటే పది నిమిషాలు ఆగాలి. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం నీరసపడి ఆ తర్వాత లాగుతుంది. మైలేజీ లీటరుకు 8 కిలోమీటర్లకు పడిపోయింది. మా మెకానిక్ ‘సోలెక్స్ కార్బురేటర్ పని అయిపోయింది, తీసేసి వెబర్ 32/36 డబుల్ బ్యారెల్ వేద్దాం, పికప్ అదిరిపోతుంది’ అంటున్నాడు. వేయించమంటారా?
– పాఠకుడు, మలక్‌పేట

జవాబు: తమ్ముడూ, 32/36 వద్దు. అసలు ఏ కొత్త కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) అయినా ఇప్పుడప్పుడే కొనకండి. మీరు రాసినవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ ఒకే భాగాన్ని దోషిగా నిలబెడుతున్నారు.

ముందు ఆ వెబర్ సంగతి. వెబర్ మంచి కంపెనీ. 1923లో ఇటలీలోని బొలోన్యాలో మొదలైంది, దాని పనితనానికి నేను పేరు పెట్టను. అయితే ఈ 32/36, అంటే 32, 36 మిల్లీమీటర్ల రెండు గొంతులున్నది (గొంతునే బ్యారెల్ అంటారు), యూరప్‌లో ఫోర్డ్ కార్ల 1.6, 2 లీటర్ల ఇంజిన్ల మీద పేరు తెచ్చుకున్నది. మీది 1089 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి నిండా గాలి పీలుస్తుంది. ఆ లెక్కన 5000 ఆర్‌పీఎం దగ్గర కూడా మీ ఇంజిన్ నిమిషానికి తీసుకునేది సుమారు 2,700 లీటర్ల గాలి. అంత వేగం మీరు కోఠి రోడ్డు మీద ఎలాగూ పోరు. కార్బురేటర్‌లో పెట్రోల్‌ని పైకి లాగేది గాలి వేగమే. దారి వెడల్పయితే గాలి నెమ్మదిస్తుంది, పెట్రోల్ సన్నటి తుంపరగా లేవకుండా చుక్కలుగా పడుతుంది. ఇప్పుడు మీరు చెబుతున్న ఆ నీరసం అప్పుడు ఇంకా పెరుగుతుంది.

మొదటి బ్యారెల్ ఒక్కటే ముందు తెరుచుకుంటుంది కదా, రెండోది సగం పైన తొక్కితే గానీ రాదు కదా అని మీ మెకానిక్ అనవచ్చు. నిజమే. రకరకాల జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిల్లు ముక్కలు), ఎమల్షన్ ట్యూబులు (ఆ పెట్రోల్‌లో గాలి కలిపే గొట్టాలు) ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ మార్చి, రోడ్డు మీద చూసి, మళ్లీ మార్చే ఓపిక ఉన్న మనిషి దొరికితే చిన్న ఇంజిన్ మీద కూడా నడిపించవచ్చు. కానీ ఆన్‌లైన్‌లో పెట్టెలో వచ్చేది పెద్ద ఇంజిన్ జెట్లతో వస్తుంది, అందులో చాలావరకు నకలు. పెట్టెలోంచి తీసి బిగించేసి ‘అయిపోయింది సార్’ అంటే పెట్రోల్ తాగుతుంది, పొగ వదులుతుంది.

ఇక అసలు రోగం. నాంపల్లిలో నాకు పని నేర్పిన ఉస్తాద్ కార్బురేటర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టనిచ్చేవారు కాదు, ముందు నాలుగు ప్లగ్గులూ తీసి వరసగా బల్ల మీద పెట్టమనేవారు. మీరూ అదే చేయించండి. నాలుగూ నల్లగా మసిబారి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. నాలుగూ తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువ. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టం) ప్యాకింగ్ లీకో, వాల్వ్ జబ్బో ఉంది, దానికి కార్బురేటర్‌తో సంబంధం లేదు. తర్వాత డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీసి పాయింట్లు చూడండి. గుంటలు పడి, గ్యాప్ తగ్గిపోయిన పాయింట్లు, వెనక్కి జరిగిన టైమింగ్ ఉంటే ఎంత మంచి కార్బురేటర్ పెట్టినా మైలేజీ రాదు. వాల్వ్ క్లియరెన్స్ కూడా సరిచేయించండి. ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్ విప్పాలి.

యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చే నీరసానికి చాలా బళ్లలో కారణం యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రం, అంటే తొక్కగానే అదనపు పెట్రోల్ చిమ్మే రబ్బరు పొర. మీరే చూడవచ్చు. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చి వేసి లోపలికి చూస్తూ చేత్తో థ్రాటిల్ (గాలి దారిని తెరిచే మూత) ఒక్కసారి తిప్పండి. సన్నటి పెట్రోల్ ధార చురుగ్గా, తెగకుండా పడాలి. చుక్కలుగా కారినా, ఆలస్యంగా వచ్చినా డయాఫ్రం గట్టిపడిందనో చిల్లు పడిందనో అర్థం. దీన్ని కిట్‌తో బాగుచేయవచ్చు, కార్బురేటర్ మార్చనక్కర్లేదు. చూసేటప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు.

కిట్ కొనేటప్పుడు ఒక విషయం అడిగి తీసుకోండి. ఇప్పుడు బంకులో మనకు పోసేది ఎథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్. 2022 నాటికి అది 10 శాతం, 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం రావడం మొదలై 2025 నాటికి దేశమంతా అదే అయింది. 1986లో చేసిన రబ్బరు దీన్ని ఎరగదు. డయాఫ్రం ఉబ్బుతుంది, పైపులు లోపల మెత్తబడి పొట్టు రాలుతుంది, టాంకులో ముప్పై ఏళ్లుగా అంటుకున్న జిడ్డునీ తుప్పునీ కడిగి తెచ్చి జెట్‌లో కూర్చోబెడుతుంది. ఈమధ్య నేను విప్పిన పాత కార్బురేటర్లలో ఫ్లోట్ చాంబర్ (పెట్రోల్ నిలవ ఉండే చిన్న గిన్నె) అడుగున తెల్లటి సున్నంలాంటి పొడి కనిపిస్తోంది. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు లోహం తినేసిన గుర్తు అది. వేలితో రాస్తే గరగరలాడుతుంది. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బళ్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే ఎథనాల్‌కు తట్టుకునే రబ్బరుతో చేసిన కిట్ అని అడగండి. టాంకు నుంచి పంప్ వరకు, పంప్ నుంచి కార్బురేటర్ వరకు పైపులన్నీ కొత్తవి వేయించండి. గుడ్డ చుట్టిన పాత పైపు పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే పగుళ్లు తెలుస్తాయి. అక్కడ కారిన పెట్రోల్ వేడి మానిఫోల్డ్ మీద పడితే బండే కాలిపోతుంది. ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి, నా మాట వినండి.

మిశ్రమం లెక్క కూడా మారింది. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఎథనాల్ ఉన్నదానికి సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్‌తో మీ ఇంజిన్ లీన్‌గా (పెట్రోల్ తక్కువై) నడుస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ గాలి కాస్త పలచన, ఆ మేరకు మిశ్రమం రిచ్ అవుతుంది (పెట్రోల్ పాలు పెరుగుతుంది). కానీ ఎథనాల్ లాగేసేదాన్ని అది పూర్తిగా పూడ్చదు. ప్లగ్గులు తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచాలి. సోలెక్స్, వెబర్ జెట్ల మీద ఉండే నంబరు రంధ్రం కొలత. 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. 120 తీసి 125 వేస్తే రంధ్రం వైశాల్యం 8 శాతం పైగా పెరుగుతుంది, మనకు కావలసింది దాదాపు అంతే. నంబరు చూసి కొత్త జెట్ వేయించండి. పాత జెట్‌లో సూదో డ్రిల్లో పెట్టి వెడల్పు చేస్తానంటే ఒప్పుకోకండి, అది మళ్లీ కొలతకు రాదు. ఇంకో మాట, ఎథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. అన్నీ సరిచేసినా పాత మైలేజీలో ఆరేడు శాతం తగ్గుతుంది. దానికి మెకానిక్‌ని తిట్టకండి.

వేడెక్కాక ఆగిపోయే జబ్బు దగ్గరికి వద్దాం. కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య మందపాటి నల్లటి బేకలైట్ దిమ్మ ఉందా? చూడండి. కింద నుంచి వచ్చే వేడిని ఆపేది అదే. మధ్యలో ఎవరో విప్పి ‘ఇదెందుకు’ అని పక్కన పడేసి ఉత్త ప్యాకింగ్‌తో బిగించిన బళ్లు నా షెడ్డుకి ఎన్నో వచ్చాయి. ట్రాఫిక్‌లో నిలబడితే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి ఆవిరవుతుంది, పది నిమిషాలు చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. మీరు రాసింది అచ్చం ఇదే. పెట్రోల్ పైపు మానిఫోల్డ్‌కు తగులుతూ పోతుంటే పక్కకు జరిపించండి. ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటర్ కూడా చూడండి.

ఫ్లోట్ లెవెల్ (ఆ గిన్నెలో తేలే ఫ్లోట్ నిలిపే పెట్రోల్ మట్టం) ఎక్కువైనా ఇలాగే ఆగుతుంది, మైలేజీ కూడా పోతుంది. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల చప్పుడైతే చిల్లు పడి పెట్రోల్ చేరినట్టే. నమ్మకం లేకపోతే వేడి నీళ్లలో ముంచండి, బుడగలు ఎక్కడ వస్తే చిల్లు అక్కడ. గిన్నెలోకి పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ మొన మీద గీత పడితే అది కూడా మార్చాల్సిందే.

ఇక సోలెక్స్ నిజంగానే పనికిరాకుండా పోయేది ఎప్పుడు? థ్రాటిల్ స్పిండిల్ అరిగినప్పుడు. ఆ ఇరుసుని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. టకటకమని ఆడితే అక్కడి నుంచి లెక్కలేని గాలి దూరుతోంది, ఐడ్లింగ్ (బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ ఆడే వేగం) ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. దీనికి కూడా మందుంది. మంచి లేత్ పనివాడు బాడీని బోర్ చేసి ఇత్తడి బుష్షులు వేసి కొత్త స్పిండిల్ అమరుస్తాడు. బాడీ పగిలినా, కింది ఫ్లాంజ్ బాగా వంగిపోయినా అప్పుడు కొత్తది చూడాలి.

కొత్తది కొంటే మీ మానిఫోల్డ్‌కు సూటిగా కూర్చునే సింగిల్ బ్యారెల్‌నే కొనండి. పాతదాన్ని చేతిలో పట్టుకుని రాణిగంజ్ దుకాణాలకు వెళ్లి, స్టడ్ల మధ్య దూరం, గొంతు వెడల్పు, లివర్ ఏ పక్కన ఉంది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి పోల్చి తీసుకోండి. అడాప్టర్ ప్లేట్ పెట్టి వేరే బండిది బిగిస్తామంటే ఒప్పుకోకముందే రెండు చూడండి. బానెట్ మూస్తే ఎయిర్ క్లీనర్‌కు తగలకూడదు. యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ పూర్తిగా మూసుకోవాలి. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. మార్చిన లింకేజీ ఎక్కడైనా పట్టేస్తే, ఫుల్ థ్రాటిల్‌లో బండి ఆగదు. రిటర్న్ స్ప్రింగ్ రెండు పెట్టించండి, ఒకటి తెగినా ఇంకొకటి లాగుతుంది.

బిగించాక షెడ్డు ముందు రేస్ చేసి చూసి సంతకం పెట్టకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పుతూ ఇంజిన్ తడబడే చోటు చూసి, మెల్లగా వెనక్కి తిప్పి అన్నిటికన్నా నున్నగా ఆడే చోట ఆపించండి. తర్వాత మీరే నడపండి, మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఒకసారి, బంజారాహిల్స్ ఎత్తులో ఒకసారి. రెండు చోట్లా నిలిచిందంటే అప్పుడు డబ్బులివ్వండి. పాత సోలెక్స్‌ని మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది ఇక తయారు కాదు.

ప్రశ్న: మాది 1997 మారుతి 800. కార్బురేటర్ పాడైతే అచ్చం అలాంటిదే బయటి కంపెనీది కొత్తది వేయించాను. ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతోంది. వాపసు ఇచ్చేయాలా?
– పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అప్పుడే ఇవ్వకండి అమ్మా. 800లో సన్నటి వాక్యూమ్ పైపులు చాలా ఉంటాయి, కార్బురేటర్ మార్చేటప్పుడు వాటిలో ఏదో ఒకటి పెట్టడం మర్చిపోవడం, లేదా ఒకదాని చోట ఇంకోటి పెట్టడం రోజూ జరిగేదే. డెల్కోకి వెళ్లే వాక్యూమ్ పైపు సరైన చోట ఉందో లేదో ముందు చూపించండి. ఇంజిన్ నడుస్తుండగా కార్బురేటర్ కింది ప్యాకింగ్ చుట్టూ స్ప్రే సీసాతో కొంచెం నీళ్లు కొట్టించండి, వైర్ల మీద పడకుండా. ఐడ్లింగ్ మారితే గాలి లీకు అక్కడే. అదీ కాకపోతే పాత, కొత్త కార్బురేటర్ల జెట్ల నంబర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. పైకి ఒకేలా ఉన్న నకళ్లలో లోపల జెట్లు వేరేవి ఉండటం మామూలే. పాత జెట్లు శుభ్రంగా ఉంటే అవే కొత్త బాడీలో వేయించుకోవచ్చు.

ప్రశ్న: కార్బురేటర్ మారిస్తే ఆర్‌సీలో రాయించాలా? పొల్యూషన్ టెస్టులో ఇబ్బంది వస్తుందా?
– పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయే మార్పుల గురించి చెబుతుంది. ఇంజిన్ మారిస్తే తప్పకుండా అనుమతి కావాలి. కార్బురేటర్ పేరు ఆర్‌సీలో ఉండదు. పొల్యూషన్ టెస్టు సంగతి వేరు, అందులో పాస్ కావాల్సిందే. 2000కు ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. కార్బురేటర్ మార్చాక మిక్చర్ సెట్ చేయించడానికి పొల్యూషన్ మిషన్ ఉన్న చోటికే వెళ్లండి. స్క్రూ తిప్పుతుంటే అంకె కళ్ల ముందే తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కాకే పెట్టించండి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టారో లేదో చూసుకోండి.