పేరు మనీలా, కుట్టింది చైనా

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీ ఫెస్ట్‌లో స్పెయిన్ వాళ్ళ ఫ్లమెంకో డాన్స్ వేస్తోందండీ. ఆ కుచ్చుల శాలువా కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే అన్నిచోట్లా "మనీలా శాలువా" అనే వస్తోంది. స్పెయిన్ వాళ్ళ శాలువాకి ఫిలిప్పీన్స్ ఊరి పేరేంటి? వేరేదేమో అని ఆర్డర్ పెట్టకుండా ఆగాను.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పెట్టేయండి, అదే! స్పానిష్‌లో "మాంతోన్ దె మనీలా" అంటారు. తమాషా ఏంటంటే అది మనీలాలో కుట్టిందీ కాదు, మొదట్లో స్పెయిన్‌లో కుట్టిందీ కాదు, చైనాలో కాంటన్ వైపు పట్టు మీద చేసిన పని. అప్పట్లో ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేతిలో ఉండేది కదా, చైనా వ్యాపారులు పట్టు సరుకు మనీలాకి తెస్తే స్పెయిన్ వాళ్ళు అమెరికా ఖండాల్లో తమ చేతిలో ఉన్న గనుల వెండి ఇచ్చి కొని, పెద్ద ఓడల్లో పసిఫిక్ దాటించి మెక్సికోలో అకపుల్కో దగ్గర దింపి, అక్కణ్ణుంచి కంచర గాడిదల మీద ఆ పక్క తీరంలో ఉన్న వెరాక్రూజ్‌కి చేర్చి స్పెయిన్‌కి మళ్ళీ ఓడెక్కించేవాళ్ళు. 1565 నుంచి 1815 దాకా ఇదే తంతు. మన కోరమండల్ తీరం నూలు బట్టలు కూడా మద్రాసు మీదుగా మనీలా చేరేవి. శాలువాల మోజు ముదిరింది మాత్రం 19వ శతాబ్దంలో, అప్పటికి ఆ ఓడలు ఆగిపోయినా మనీలా సరుకు అన్న పేరు మాత్రం పోలేదు.

పాతవాటి మీద గోపురాలు, పక్షులు, చిన్న చిన్న చైనా మనుషులు ఉంటారు, కొన్నిట్లో ఆ మనుషుల మొహాలు గోరంత ఏనుగు దంతం ముక్కలు, వాటి మీద కళ్ళూ ముక్కూ రంగుతో గీసుంటాయి. నాకైతే అవే ఇష్టం. స్పెయిన్ ఆడవాళ్ళకి గులాబీలు కావాలి, దాంతో డిజైన్ మారింది, తర్వాత స్పెయిన్ దక్షిణాన ఉన్న సెవిల్ నగరం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళే కుట్టడం మొదలెట్టారు. కుచ్చులు అంత పొడుగ్గా, వల అల్లినట్టు ముడులేసి పెట్టడం వాళ్ళ పనే. మన చీర కొంగు కుచ్చులు దాని ముందు ఏ మూలకీ రావు.

మంచి శాలువా తిరగేసి చూస్తే వెనక ముడి కనపడదు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఫెస్ట్‌కి అంత ఖరీదుది ఎందుకులెండి, పాలిస్టర్ చాలు. గాజులు, జుంకాలు మాత్రం తీయించండి, కుచ్చుల్లో ఇరుక్కుంటే స్టేజి మీద ఆ పిల్ల తిప్పలు చూడలేం.

ప్రశ్న: ఫ్లమెంకో డాన్స్‌లో వేసుకునే ఆ చుక్కల ఫ్రిల్స్ గౌను రాణుల డ్రెస్సా?
- ఇంకో పాఠకుడు, వరంగల్

జవాబు: అబ్బే, పశువుల సంతలో పుట్టిన డ్రెస్సండీ. సెవిల్‌లో 1847లో పశువుల సంత మొదలైంది, అక్కడికొచ్చే పల్లెటూరి ఆడవాళ్ళు, జిప్సీ ఆడవాళ్ళు చవక నూలు గౌన్లకి ఫ్రిల్స్ కుట్టుకుని వచ్చేవాళ్ళు. చూసి చూసి డబ్బున్న ఆడవాళ్ళు కూడా కాపీ కొట్టారు, 1929లో సెవిల్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగే టైముకి సంతకి వెళ్ళాలంటే అదే వేసుకోవాలి అనే దాకా వచ్చింది.