వాబాష్ రైల్వే కేసులో అసలు గొడవేంటి?

గొడవంతా సరుకు రవాణా ఛార్జీ మీద. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా నుంచి న్యూయార్క్‌కు వంద పౌండ్ల సరుకుకి వాబాష్ రైల్వే 15 సెంట్లు తీసుకుంది. గిల్మన్ అనే ఊరు న్యూయార్క్‌కు 86 మైళ్లు దగ్గర, అయినా అక్కడి నుంచి 25 సెంట్లు! అంటే 26,000 పౌండ్ల లోడుకి ఒకరికి 39 డాలర్లు, ఇంకొకరికి 65. దూరం తగ్గితే బిల్లు పెరగడమేమిటో!

ఇలాంటి వివక్షను ఇల్లినాయ్ చట్టం నిషేధించింది. కానీ 1886లో సుప్రీంకోర్టు 6-3తో రైల్వే వైపే తీర్పిచ్చింది. ఛార్జీ అన్యాయం కాదని కాదు, రాష్ట్రాలు దాటే రవాణాను నియంత్రించే అధికారం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు)దేనని. అలాగని, ప్రజలకు ముడిపడ్డ వ్యాపారాల ఛార్జీలను రాష్ట్రాలు నియంత్రించవచ్చన్న 1877 నాటి మన్ తీర్పు పూర్తిగా పోలేదు. రాష్ట్రం లోపలి ఛార్జీలు అప్పటికి రాష్ట్రం చేతిలోనే మిగిలాయి. రాష్ట్రాలు దాటే రవాణా విషయంలో ఈ తీర్పుతో ఏర్పడ్డ ఖాళీ పూడ్చడానికి 1887లో కాంగ్రెస్ అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం తెచ్చి, ఒక కమిషన్ వేసింది.